యాదీ

మరాఠీల యాదీ అంటే జాబితా.
మన తెలుగుల యాది అంటే ఏందో చెప్పక్కర్లేదు.
అంకీసల ఈ రెండు మాటలు ఒకే నోట్లె ఉంటయి,
ఒకదాన్నొకటి తోసుకుంటయి.

నేను అంగన్‌వాడీ బాయిని.
పొద్దున పిల్లలకు ఖిచిడీ, పగటీలి ఈ యాదీ.
చంకల సంచి, సంచిల ఫారాలు:
ఆరో నంబరు వచ్చేటోళ్లకు,
ఏడోది పోయినోళ్లకు,
ఎనిమిదోది అచ్చుల తప్పిపోయినోళ్లకు.

మొదటి ఇంట్ల లసుముబాయి
సర్కారు చేతులవడి లక్ష్మీ అయింది.
"గామె ఎవలు?" అన్నది.
నువ్వే, అన్న.
"నేనే లక్ష్మినైతే ఉప్పు డబ్బాల పైసలెందుకు లేవే?"
ఎనిమిదో నంబరు తీసిన.

అరుగు మీద ఆశన్న తాత గడ్డం గీక్కుంట అడిగిండు:
"సదువు రాదు, పట్టా లేదు, పన్ను గట్టలే.
నన్నేమన్న పరీక్ష వెడ్తరా?"
లేదు తాతా. ఈ దేశమోనివైతే సాలు,
పద్దెనిమిది నిండితే సాలు,
ఈ ఊళ్లె పండి ఈ ఊళ్లె లేస్తే సాలు.
"మూడేనా! నా పెండ్లికి ఇంతకెక్కువ అడిగిన్రు."

ఆ మూడోదే మెలిక.
సాధారణ నివాసి, అని రాసుంటది కాయితంల.
గోదారి అవతల మిరపతోటల్ల
మూడు నెలలు పరదా గుడిసెల్ల పండే జట్టును
ఏ ఊరోళ్లని రాయాలె?
తహసీల్ల అడిగిన. సారు కొద్దిసేపు ఫ్యాను దిక్కు చూసిండు.
ఇగ నాకు తోచింది నేను అడుగుత:
పోయేటప్పుడు కోళ్లనెవలకు ఒప్పజెప్పిన్రు?
కోళ్లున్న ఊరే ఊరు.
రాసుకున్న.

దుర్గం ఓదెలుకు రెండు కార్డులు.
అటుది పింఛనుకట, ఇటుది పంచాదికట.
రెండు నావల మీద కాళ్లువెట్టినోని సంగతి
నావ నడిపే నీకు నేను చెప్పాల్నా ఓదెలూ?
కార్డు నడుముకు చెక్కుకున్నడు.
రేపొచ్చి ఇస్త అన్నడు.
ఆ రేపు ఇప్పటికి మూడుసార్లయింది.

బొల్లెం వైశాలి జనవరి రెండున పుట్టింది.
ఒకటో తారీకుకు లెక్క. ఒక్క రోజు తక్కువ.
"ఆ ఒక్క రాత్రిల నాకేం తెలివి మొలుస్తది బాయీ?"
ఏప్రిల్ ఒకటి దాకా ఆగు బిడ్డా,
మీ అక్కనాడైతే ఏడాది ఆగేది.
"ఆగుత గానీ,
ఇసుక వేలం పైసలు పంచాదిల ఏ పద్దుల రాసిన్రో
నీకెరికేనా?"
ఎరికలే.
పదకొండేండ్ల సంది ఊరి పేర్లన్ని మోస్తున్న,
ఆ ఒక్కటి ఎన్నడు అడగలే.
ఆ రాత్రి సంచి దించినా భుజం దిగలే.

ఆఖరి ఇల్లు. ఏడో నంబరు.
మొండన్న పోయి ఒక వానాకాలం గడిచింది.
సాలక్క వేలుముద్ర పెట్టనన్నది.
"ఉండనియ్యి. ఎవలకు అడ్డం?
లైన్ల నిలవడడు, లొల్లి జెయ్యడు."
సచ్చినోళ్ల పేరుతోని ఇంకెవలో వచ్చి ఓటేస్తరక్కా.
"వచ్చేటోడు మా ఆయిన లెక్క
ఎడమ కాలు ఈడుస్తడా?
గుర్తువట్టనా నేను?"
దీనికి ఏ నంబరు ఫారం నింపాల్నో
ట్రైనింగుల చెప్పలే.

పొయ్యి మీద జావ పొంగి ఆరింది.
శానాసేపటికి వేలును సిరాల ముంచింది.

పాత యాదీల ఆ పేజీ చింపి ఇచ్చిన.
చింపొద్దని చెప్పిన్రు. చింపిన.
"ఏడున్నడు?" అన్నది.
అక్షరం రాని వేలు,
పోయిన ఎలక్షన్ల నల్లమచ్చ
గోరు కొసకు చేరి ఇంక ఊడిపోని వేలు,
మెల్లగ దిగి దిగి
పక్కింటోని పేరు మీద ఆగింది.

నేనా వేలు వట్టుకొని
ఒక్క వరుస కిందికి జరిపిన.